శాంపిల్ పేజీల్లో బాబ్జీ గారు

2023 ఎండాకాలం. పాలకొల్లు బస్టాండు దగ్గర సందులో నా డీటీపీ షాపు. శుభలేఖలు, ఓణీల ఫంక్షను కార్డులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, చర్చిల వార్షికోత్సవ సంచికలు టైపు చేసి పేజీలు కట్టడం ఏళ్ల తరబడి నా పని. కరోనా వచ్చి పెళ్లిళ్లు ఇంటి వరండాల్లోకి కుదించుకుపోయినప్పుడు శుభలేఖలు ఆగిపోయాయి. ఖాళీగా కూర్చోలేక, వీడియోలు చూసి ఈ-బుక్ చేయడం నేర్చుకున్నాను. ఇప్పుడు సగం షాపు దాని మీదే నడుస్తోంది. రిటైరైన మాస్టార్లు, పద్యాలు రాసే పోస్టుమాస్టర్లు, పచ్చళ్ల పుస్తకం రాసిన ఇల్లాళ్లు, అందరూ వస్తారు. ఫోన్లో తమ పేరు చూసుకుని మురిసిపోతారు. నాకూ బాగానే ఉంటుంది.

వచ్చినవాళ్లందరికీ ముందు రెండు విషయాలు చెప్తాను. ఒకటి, పీడీఎఫ్ వేరు, ఈ-బుక్ వేరు. పీడీఎఫ్ అంటే కాగితం పేజీని ఉన్నదున్నట్టు ఫోన్లోకి ఎక్కించడం. అక్షరాలు చీమల్లా ఉంటాయి, వేలితో అటూ ఇటూ లాగుతూ చదవాలి. ఈ-బుక్‌కి ఈపబ్ అనే ఫైలు చేస్తాం. అందులో అక్షరాన్ని ఎంత పెంచుకుంటే అంత పెరుగుతుంది, వాక్యం స్క్రీను వెడల్పుకి తనంతట తనే సర్దుకుంటుంది. చత్వారం ఉన్నవాళ్లు కూడా కళ్లజోడు వెతుక్కోకుండా చదువుకోవచ్చు.

రెండోది శాంపిల్. ఈ-బుక్కులు అమ్మే యాప్‌లో, కొనకముందే ఎవరైనా పుస్తకం మొదటి పేజీలు కొన్ని ఉచితంగా చదవొచ్చు. ఎక్కడ ఆపాలో మనం చెప్పలేం. మొదటి అట్ట నుంచి లెక్కేసి, పుస్తకంలో సుమారు పదో వంతు దగ్గర మిషనే కోసేస్తుంది. మనవాళ్లలో యాప్‌లో డబ్బు కట్టి పుస్తకం కొనే అలవాటు తక్కువ. వాట్సాప్‌లో లింకు వస్తే నొక్కుతారు, శాంపిల్ చదువుతారు, బాగుంటే అప్పుడు ఎవర్నో అడిగి కొనిపించుకుంటారు. కాబట్టి చెప్పదలుచుకున్నదేదో మొదటి పేజీల్లోనే చెప్పండని ప్రతివాళ్లకీ చెప్తాను. నాకు నోటిదురుసు ఎక్కువని మా ఆయన అంటారు. ఉంటే ఉందిలెండి. ఈ మాట మాత్రం నేను మెత్తగానే చెప్తాను. అయినా ఎవరూ వినరు.

విన్న ఒకే ఒక్క మనిషి రత్నకుమారి గారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వెళ్తూ, బైబిలు సంచీ భుజాన వేసుకుని షాపులోకి వచ్చారు. యాభై దాటిన మనిషి. పలచగా, గట్టిగా ఉంటారు. మస్కట్‌లోనూ కువైట్‌లోనూ ఇళ్లల్లో పనిచేసి వచ్చారట. ఇప్పుడు మా ఊళ్లోనే వాళ్ల పేటలో బట్టలు కుడుతున్నారు. ఫోను తీసి నా ముందు పెట్టి, పుస్తకం ఇందులో ఉందండీ అన్నారు.

చూస్తే నిజంగానే ఉంది. మధ్యాహ్నాలు కుట్టు మిషను ఆపి, ఫోనుని నోటి దగ్గర పెట్టుకుని, వాయిస్ టైపింగులో పుస్తకమంతా చెప్పేశారు. మనం మాట్లాడుతుంటే ఫోను అక్షరాలు చేసిపెట్టే సదుపాయం అది. దానికి ఫుల్‌స్టాపు తెలీదు, పేరా తెలీదు. గోదారిలా ఒకటే ప్రవాహం. కానీ చదవడం మొదలుపెట్టాక నేను టీ తాగడం మర్చిపోయాను.

గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లబోయే ఆడవాళ్ల కోసం రాసిన పుస్తకం అది. పేరు ‘పెట్టె సర్దుకునే ముందు’. ఏజెంటుని ఏం అడగాలి, ఏ కాగితం చూడకుండా కదలకూడదు, విజిట్ వీసా మీద పంపిస్తే ఏమవుతుంది, అక్కడ దిగాక మొదటి రోజు ఎవరికి ఫోన్ చేయాలి, ఇంటావిడ జీతం ఆపితే ఏ మాట అనాలి, ఏ మాట అనకూడదు. ఏదీ వినికిడి కాదు. ఆవిణ్ని పంపిన ఏజెంటు వంట ఒక్కటే అన్నాడట. దిగాక చూస్తే మూడిళ్ల చాకిరీ. పాస్‌పోర్టు ఇంటాయన బీరువాలో. ఇక్కడ వాళ్లమ్మ పోతే, ఆ బీరువా తాళం తీయించలేక శవాన్ని ఫోన్లో చూశారు. ఆ సంగతి పుస్తకంలో నాలుగు వాక్యాలే ఉంది. అంతకన్నా నోరు రాలేదండీ అన్నారు.

కాగితం పుస్తకం ఎందుకు వేయించలేదని అడిగాను. కాగితం పుస్తకమైతే బయల్దేరేటప్పుడు ఏజెంటు పెట్టెలోంచి తీసి పారేస్తాడట. ఫోన్లో ఉంటే ఎవడికీ కనపడదు, రాత్రిపూట దుప్పటి కింద అక్షరం పెద్దది చేసుకుని చదువుకోవచ్చు. ఆవిడ ఇవన్నీ ఆలోచించుకునే వచ్చారు.

శాంపిల్ గురించి చెప్పగానే ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని, తన మొదటి పేజీలు మళ్లీ చూసుకున్నారు. తర్వాత, “అయితే కొనలేని పిల్లలు కూడా మొదటి పేజీలు చదువుతారన్నమాట” అన్నారు. అవునన్నాను. మూడు రోజుల తర్వాత పుస్తకం వరస మొత్తం మార్చుకొచ్చారు. తన కథ వెనక్కి పంపేసి, అన్నిటికన్నా అవసరమైన జాగ్రత్తలు ముందుకి తెచ్చారు. మొదటి వాక్యం ఇది: ‘అమ్మాయీ, పాస్‌పోర్టు నీ పేరు మీద ఉంది. వీసా కోసం ఇవ్వాల్సి వచ్చినా, ఎవరికిచ్చావో, ఎప్పుడు తిరిగిస్తానన్నాడో రాయించుకోకుండా చేతిలోంచి వదలకు.’ డబ్బు ఖర్చు పెట్టలేని పిల్లకి కూడా ఈ ఒక్క ముక్క అందాలని ఆవిడ తాపత్రయం. ఎన్నో పుస్తకాలు చేశాను గానీ, శాంపిల్‌ని ఇంత బాగా అర్థం చేసుకున్న రచయితని నేను చూడలేదు.

అంతా అయిపోయింది, అప్‌లోడ్ చేద్దామనుకుంటుండగా సూర్యారావు గారు దిగారు.

మా పట్టణంలో ఒక సాహితీ సంఘం ఉంది. దానికి సూర్యారావు గారు అధ్యక్షులు. నాకు తెలిసినప్పటి నుంచీ ఆయనే అధ్యక్షులు. శాలువా, మైకు, ఫ్లెక్సీ లేకుండా పుస్తకం పుడితే పుట్టినట్టు కాదని ఆయన నమ్మకం. ఎవరో చెబితే రత్నకుమారి గారు వెళ్లి ఆవిష్కరణ సభ పెట్టించమని అడిగారట. పెద్దల చేతుల మీదుగా వస్తే పేటలో వాళ్లు గౌరవంగా చూస్తారు, నలుగురూ చదువుతారు అని ఆవిడ ఆశ. ఆయన సరే అన్నారు. సంఘం తరఫున ప్రచురణ అన్నారు. అని, ముందుమాటలు పంపించడం మొదలుపెట్టారు.

తెలుగు పుస్తకం తెరిచినవాళ్లకి ఇది కొత్త కాదు. ముందుమాట, ఆశీస్సులు, అభినందన, ఆత్మీయ వాక్యం, రెండు మాటలు అని మొదలెట్టి ఏడు పేజీలు, ఆ తర్వాత కృతజ్ఞతలు. కాగితం పుస్తకంలో అయితే బొటనవేలితో ఒక్కసారి తిప్పేసి అసలు పుస్తకంలోకి వెళ్లిపోతాం. శాంపిల్‌లో ఆ వీలు లేదు. ఉన్న పదో వంతూ వీళ్లే తినేస్తారు. ఆకలితో వచ్చినవాడికి విస్తరి వేసి, వడ్డించకుండా ఉపన్యాసం చెప్పి పంపినట్టు.

సూర్యారావు గారి ముందుమాట ఒక్కటే చాంతాడంత వచ్చింది. అందులో వేదకాలం నాటి స్త్రీ ఉంది, పురాణ స్త్రీ ఉంది, గోదావరి మహిమ ఉంది, సంఘం ఎన్ని సభలు జరిపిందో ఉంది. రత్నకుమారి గారి పేరు ఒక్క చోట ఉంది, అదీ రత్నమాల అని. నేను దిద్దాను. ఒక లెక్చరర్ గారిది, ఒక డాక్టరు గారిది, ఒక మాజీ కౌన్సిలర్ గారిది కూడా వచ్చాయి. ఎవరూ పుస్తకం చదవలేదని మొదటి పేరాలోనే తెలిసిపోతోంది. ఆవిడ చర్చి పాస్టరు గారు మాత్రం నాలుగు వాక్యాలు రాసి, నా మాట ఎక్కడో చివర పెట్టినా ఫరవాలేదు, ముందు అమ్మాయిలకి పుస్తకం కనపడనివ్వండి అని పంపారు. చదివిన మనిషి ఆయనొక్కరే.

నేను ఊరుకోలేదు. సూర్యారావు గారికి ఫోన్ చేసి, ముందుమాటలన్నీ చివర వేస్తానండీ, శాంపిల్ సంగతి ఇదీ అని వివరంగా చెప్పాను. ఆయన నవ్వారు. “ముందుమాట వెనకాల వేస్తే అది ముందుమాట ఎలా అవుతుందమ్మా? పెద్దల్ని వెనక వరసలో కూర్చోబెడతామా?” అన్నారు. రత్నకుమారి గారికి చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. అయినా, పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకులెండి, కొనేవాళ్లు కొంటారు అన్నారు. పుస్తకం ఆవిడది, నిర్ణయం ఆవిడది. నేను పళ్లు బిగించుకుని ఫైలు కట్టాను.

ఆఖరి రోజు సంఘం నుంచి వాట్సాప్‌లో ఇంకో పేజీ వచ్చింది. టైపు చేసేది కాదు, ఫ్లెక్సీ షాపులో చేయించిన బొమ్మ. తెల్లచొక్కా, చేతికి బంగారు కడియం, నమస్కారం పెడుతున్న ఒకాయన. కింద ‘శుభాకాంక్షలతో, బాబ్జీ గారు, ప్రముఖ సంఘసేవకులు, మహిళాభ్యుదయ బంధువు’ అని, ఆ కింద అంతకన్నా పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబరు. పుస్తకంలో ఫోన్ నంబరెందుకని అడిగాను. సభకి దాత, ఉండాల్సిందేనన్నారు సూర్యారావు గారు. ఎవరీయన అంటే, గోదావరి అవతల ఆయన, మంచివారు, అంతవరకే చెప్పారు. రత్నకుమారి గారికి చూపిస్తే ఆవిడకీ తెలీదు. ఆవిడ గల్ఫ్‌లో ఉన్న ఏళ్లల్లో ఇక్కడ పెద్దమనిషైన వాళ్లు చాలామంది ఉన్నారు.

సభ బాగా జరిగింది. బాబ్జీ గారు వేదికెక్కి ఆవిడకి శాలువా కూడా కప్పారు. ఆ సాయంత్రమే లింకు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. నేను నా ఫోన్లో శాంపిల్ తెరిచి చూశాను. అట్ట, బాబ్జీ గారు, ఆ తర్వాత వరసగా ముందుమాటలు. లెక్చరర్ గారి వాక్యం ఒకటి సగంలో తెగి, ‘మిగతాది చదవాలంటే కొనండి’ అని వచ్చింది. రత్నకుమారి గారి అక్షరం ఒక్కటి లేదు. ఉక్రోషం పట్టలేక సూర్యారావు గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన, “అయితే మా మాటలు అందరికీ ఉచితంగా చేరుతున్నాయన్నమాట. మంచిదేగా” అన్నారు. ఫోను టేబులు మీద విసిరి కొట్టాను. పాపం ఫోనుదేం తప్పు.

నెల తిరగకుండానే రత్నకుమారి గారు షాపుకి వచ్చారు. వెనకాల ఒకమ్మాయి. పేరు సుజాత. భీమవరం వైపు రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని చేస్తుంది. వేళ్ల చివర్లు నాని, పగిలి ఉన్నాయి. రత్నకుమారి గారి పేటలోనే ఉంటుంది, ఆవిణ్ని పిన్నీ అని పిలుస్తుంది. ఆ రోజు రత్నకుమారి గారు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“చెప్పవే. నాకు చెప్పిందే ఈవిడకీ చెప్పు” అన్నారు.

సుజాత తల దించుకుని చెప్పింది. షెడ్డులో కువైట్ వెళ్లాలని ఆలోచన చేస్తుంటే ఎవరో లింకు పంపారట. శాంపిల్ చదివింది. కొనడం తెలీలేదు. మొదట్లోనే ఫొటో, నంబరు ఉన్నాయి. గల్ఫ్ వెళ్లేవాళ్ల పుస్తకంలో నంబరు వేశారంటే అక్కడికి పంపే మనిషే అయి ఉంటాడనుకుంది. ఫోన్ చేస్తే నిజంగానే పంపే మనిషే. బాబ్జీ గారు గల్ఫ్ ఏజెంటు. వెళ్లి కలిసింది. నెలలో విమానం ఎక్కిస్తాను, ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక మార్పిస్తాను అన్నాడట. పాస్‌పోర్టు ఇచ్చేసి వచ్చింది.

“నీ పుస్తకంలో ఉన్నాడు కదా పిన్నీ, నువ్వే చెప్పావనుకున్నాను” అంది చివరికి.

విజిట్ వీసా అంటే చుట్టపుచూపుగా వెళ్లడానికిచ్చే వీసా. దాని మీద పనిలో పెడితే ఆ పిల్ల ఆ దేశంలో నేరస్థురాలు. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా వెళ్లి చెప్పుకునే దిక్కుండదు. దాని గురించి రత్నకుమారి గారు ఒక అధ్యాయమే రాశారు. ఆ అధ్యాయానికి వెళ్లే దారిలో వాణ్ని నిలబెట్టారు, నమస్కారం పెట్టించి మరీ. ఆవిడ ఏ మనిషి నుంచి ఆడపిల్లల్ని కాపాడాలని మధ్యాహ్నాలు కుట్టు మానుకుని రాశారో, ఆ మనిషికే ఆవిడ పుస్తకాన్ని ఉచిత కరపత్రం చేసేశారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సూర్యారావు గారిని పిలిపించాను. ఫోన్లో అయితే నవ్వేస్తారని, షాపుకే రమ్మన్నాను. వచ్చారు. విషయం విన్నారు. కంగారు పడతారనుకున్నాను. పడలేదు. ఆయనకి ముందే తెలుసు.

“ఆయన వ్యాపారం ఆయనది. సభకి షామియానా ఎవరు వేయించారనుకున్నారు? ఆయన ద్వారా వెళ్లి మేడలు కట్టినవాళ్లు లేరా?” అన్నారు.

“మీరు ఈ పుస్తకం చదివారా అండీ?” అని అడిగాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సారాంశం తెలుసన్నారు. చాంతాడంత ముందుమాట రాసిన మనిషికి సారాంశం తెలుసట. నేను ఇంకేదో అనబోయాను. రత్నకుమారి గారు చెయ్యి ఎత్తి నన్ను ఆపారు.

“నేను ఏ నంబరుకి ఫోన్ చేయొద్దని పుస్తకమంతా రాశానో, ఆ నంబరే మొదట వేయించారండి మీరు. నా పేరు చూసి ఈ పిల్ల నమ్మింది. మీ పేరు చూసి కాదు. ఆ పేజీలన్నీ తీయిస్తున్నాను.”

ఆయనకి కోపం వచ్చింది. పుస్తకం సంఘం ప్రచురణ, సంఘం అనుమతి లేకుండా పేజీ ముట్టుకుంటే ఊరుకోనన్నారు. ఈ మాట కోసమే నేను ఎదురు చూస్తున్నాను. మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఎవరు సభ పెట్టినా, ఎవరు శాలువా కప్పినా, యాప్‌లో అకౌంటు రాసిన మనిషి పేరు మీదే తెరుస్తాను. ఏ మార్పు చేయాలన్నా ఓటీపీ ఆ మనిషి ఫోనుకే వస్తుంది. ఆ సంగతి చెప్పాను. రత్నకుమారి గారు ఫోను తీసి టేబులు మీద పెట్టారు. ఆయన చూస్తుండగానే నేను లాగిన్ అయ్యాను, ఓటీపీ వచ్చింది, ఆవిడ ఒక్కొక్క అంకె చదివి చెప్పారు. సూర్యారావు గారు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. సంస్కారం లేని మనుషులన్నారట బయట టీకొట్టు దగ్గర.

పేజీలు పోయాయి సరే, పాస్‌పోర్టు మాటేమిటి? మర్నాడు పొద్దున్నే షాపు మూసి ముగ్గురం బస్సెక్కాం. గోదావరి దాటి బాబ్జీ గారి ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లాం. ఏసీ గది, గోడకి విమానం బొమ్మ, దేవుడి పటాలు. బల్ల అద్దం కింద, ఎదర కూర్చున్నవాళ్లకి కనపడేట్టు, రత్నకుమారి గారి పుస్తకం అట్ట, పక్కన తన నమస్కారం పేజీ, రెండూ కలర్ ప్రింటు తీసి పెట్టుకున్నాడు. ఇంకా ఎంతమంది పిల్లలకి చూపించాడో ఆ బల్లకే తెలియాలి. మా కన్నా ముందు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

బాబ్జీ గారు లేచి నిలబడి, రచయిత్రి గారా, రండి రండి అంటూ కూల్‌డ్రింకులు తెప్పించబోయాడు. వద్దని, సుజాత పాస్‌పోర్టు ఇమ్మన్నారు రత్నకుమారి గారు. వీసా ముద్ర కోసం స్టాంపింగుకి వెళ్లిపోయిందన్నాడు. ఏ ఊరు వెళ్లింది, రసీదేది అంటే, అవన్నీ ఆఫీసు విషయాలమ్మా, మీకు తెలీవన్నాడు. ఆవిడకి తెలీవట! నేను గొంతు పెంచబోతుంటే ఆవిడ సంచీలోంచి ఫోను తీశారు. ఎవరికో ఫోన్ చేస్తున్నారనుకున్నాను. కాదు. వాయిస్ టైపింగు నొక్కి, ఫోనుని నోటి దగ్గర పెట్టుకుని, తాపీగా మొదలుపెట్టారు.

“ఈ రోజు బాబ్జీ గారి ఆఫీసుకి వచ్చాం. సుజాత పాస్‌పోర్టు అడిగాం. స్టాంపింగుకి వెళ్లిందన్నారు. రసీదు లేదన్నారు. విజిట్ వీసా మీద పంపిస్తానని అమ్మాయికి చెప్పిన మాట నిజమేనా అని అడుగుతున్నాం.”

అక్షరాలు తెర మీద బారులు తీరుతున్నాయి. అతని ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఏం చేస్తున్నారమ్మా అని అడిగాడు.

“కొత్త అధ్యాయం రాస్తున్నానండి. మీ పేరు, ఫొటో, ఫోన్ నంబరు ముందే పుస్తకంలో ఉన్నాయి కదా. కింద ఈ సంగతి కూడా వేసేస్తే సరిపోతుంది. ఈ పద్మ గారు ఇక్కడి నుంచే ఎక్కించేస్తారు.”

అతని పేజీ ముందురోజే తీసేశాం, ఇక్కడి నుంచి నేను ఏదీ ఎక్కించలేను కూడా. కంప్యూటరు కావాలి. ఆ సంగతి అతనికి తెలీదు, నేను చెప్పలేదు. పైగా, నెట్ బాగానే ఉందండీ అన్నాను.

అతను బల్ల సొరుగు లాగాడు. స్టాంపింగుకి వెళ్లిన పాస్‌పోర్టు ఆ సొరుగులోనే ఉంది. రబ్బరు బ్యాండు వేసిన కట్టలోంచి లాగి, బల్ల మీద పడేశాడు. సుజాత రెండు చేతులతో తీసుకుంది. తెరిచి తన ఫొటో చూసుకుంది, మూసి గుండెలకి ఆనించుకుంది. ఆ పగిలిన వేళ్లని చూస్తుంటే, అప్పటివరకు బిగబట్టిన కోపమంతా నా కళ్లలోకి వచ్చేసింది.

కానీ మిగిలిన కట్ట? ఆ మాట రత్నకుమారి గారే అడిగారు. అవన్నీ ఎవరివని. మీకు సంబంధం లేదని సొరుగు మూసి తాళం వేశాడు. ఆవిడ ఆ తాళం వంకే చూస్తూ ఉండిపోయారు. నాకు ఆ ఇంటాయన బీరువా గుర్తొచ్చింది. ఆవిడకీ అదే గుర్తొచ్చి ఉంటుంది. బయటికి వచ్చి బెంచీ మీద ఉన్న ఇద్దరితో మాట్లాడారు. ఒకావిడ లేచి మాతో వచ్చేసింది. రెండో ఆవిడ, మీకేం, మీరు వెళ్లి సంపాదించుకుని వచ్చారు అని ముఖం తిప్పుకుంది. నలుగురం పోలీసు స్టేషనుకి వెళ్లి, సుజాత చేత ఫిర్యాదు రాయించి ఇచ్చాం. విచారిస్తామన్నారు. ఆఫీసుకి కొన్నాళ్లు తాళం పడింది. తర్వాత వేరే వీధిలో, వేరే పేరుతో తెరిచాడని విన్నాను. మహిళాభ్యుదయ బంధువు కదా, ఊరుకోలేడు.

ఒక మాట చెప్తే ఇంకా మండుతుంది. శాంపిల్ అయితే కొత్త ఫైలు ఎక్కించగానే మారింది గానీ, ముందే కొన్నవాళ్ల ఫోన్లలో పాత పుస్తకమే ఉండిపోతుంది. వాళ్లంతట వాళ్లు అప్‌డేట్ నొక్కితేనే మారుతుంది. అంటే ఇప్పటికీ ఎక్కడో ఏ అమ్మాయి ఫోన్లోనో ఆ కడియం చెయ్యి నమస్కారం పెడుతూనే ఉండొచ్చు. పాత కాపీ ఉన్నవాళ్లు అప్‌డేట్ చేసుకోండని గ్రూపుల్లో ఇప్పటికీ పెడుతుంటాం. సాహితీ సంఘం గ్రూపులో పెడితే నన్ను తీసేశారు.

ఆ కేసు తర్వాత నా షాపులో ఒక బోర్డు పెట్టాను. ‘ఈ-బుక్‌లో ముందుమాటలు వెనక వేయబడును. ఫొటోలు, ఫోన్ నంబర్లు వేయబడవు.’ అలిగి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. వెళ్లనివ్వండి. పుస్తకం గడప రాసిన మనిషిది. ఆ గడప మీద ఎవర్ని నిలబెడుతున్నారో చూసుకోవాల్సింది ఆ మనిషి, చూపించాల్సింది ఆ పని చేసే నేను. నాకు వృత్తి నేర్పిన పాఠం ఇదే. చదవని మనిషి పొగడ్త ఏ పుస్తకానికీ అలంకారం కాదు, అడ్డం.

సుజాత ఇంకా వెళ్లలేదు. వెళ్తే సరైన కాగితాల మీదే వెళ్తానంటోంది. ఈలోగా షెడ్డులో మధ్యాహ్నం తిండి వేళ, ఫోన్లో అక్షరం పెద్దది చేసి, రత్నకుమారి గారి పుస్తకం తోటివాళ్లకి చదివి వినిపిస్తోందట.

ఆ రోజు సూర్యారావు గారు వెళ్లిపోయాక, కొత్త ఫైలు ఎక్కించే ముందు, రత్నకుమారి గారు నా పక్కన కూర్చుని, మొదటి పేజీలో ఒక మాట కలపాలన్నారు. పాస్‌పోర్టు వాక్యం తర్వాత అని చూపించారు. ఫోను తీసుకోకుండా, నెమ్మదిగా నాకే చెప్పారు. నేను టైపు చేశాను. ఇప్పుడు ఎవరు లింకు నొక్కినా, పైసా కట్టకుండా మొదటి పేజీలోనే చదివేది అది:

‘ఏజెంటు ఫొటో ఎక్కడ కనపడినా నమ్మకు. గుళ్లో కనపడినా, చర్చిలో కనపడినా, నా పుస్తకంలో కనపడినా నమ్మకు. ఒకసారి కనపడింది.’